ఇరవై ఆరు, యాభై ఆరు, ఎనభై ఏడు

2024 జూన్ పదకొండు, మంగళవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. ఆకాశం మబ్బు పట్టి ఉంది. వాన లేదు, గాలి లేదు. మద్దిలపాలెం కూడలి దాటి బ్యాంకు మెట్లు ఎక్కేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. లోపల ఏసీ ఇరవై రెండు మీద ఉంది. నేను కూర్చున్న కుర్చీలోంచి ఆ అంకె స్పష్టంగా కనిపిస్తోంది.

నా పక్కన నా కూతురు కూర్చుంది. పరవాడలోని ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో తనకు ఉద్యోగం. భర్తతో వేరుపడి అప్పటికి నాలుగేళ్ళు. తొమ్మిదేళ్ళ కూతురితో గాజువాకలో అద్దెకు ఉంటోంది. ఇంటివాళ్ళు ఆగస్టు నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నారు. కూర్మన్నపాలెంలో మూడో అంతస్తులో ఒక పాత ఫ్లాటు చూసుకుని, మే ఇరవైన రెండు లక్షలు బయానా ఇచ్చింది. జులై పదిహేనులోగా బ్యాంకు వారి మంజూరు పత్రం చూపించకపోతే ఒప్పందం రద్దవుతుంది, బయానాలో యాభై వేలు పోతాయి. ఆమె జీతం మీద పంతొమ్మిది లక్షలే వస్తాయి. కావలసినవి ఇరవై ఎనిమిది. నా పెన్షను కలిపి, నన్ను సహ దరఖాస్తుదారుగా చేర్చితే ఆ తొమ్మిది లక్షల తేడా పూడుతుందన్నారు. అందుకే వెళ్ళాను.

బ్యాంకు అధికారిణి వయసు ముప్పై దాటి ఉండదు. నా పేరు మీది క్రెడిట్ రిపోర్టు తెరచి కొంతసేపు చదివింది. తరువాత తెరను మా వైపు తిప్పింది.

"సార్, మేడమ్‌ది బాగానే ఉందండి. మీదే..."

తెర మీద ముప్పై ఆరు గడులు ఉన్నాయి. ఒక్కొక్క గడి ఒక్కొక్క నెల. నెలాఖరుకు గడువు దాటి ఎన్ని రోజులైందో ఆ గడిలో వేస్తారట. సకాలంలో కట్టినవారికి మూడు సున్నాలు. నా గడుల్లో ముప్పై మూడింట సున్నాలే. 2023 ఆగస్టు గడిలో 026, సెప్టెంబరులో 056, అక్టోబరులో 087.

"క్రెడిట్ కార్డు బిల్లు సార్. మూడు నెలలు కట్టలేదు. నవంబరులో ఒకేసారి కట్టి బాకీ తీర్చేశారు," అందామె.

గడువు తేదీ ఎంత అని అడిగాను. ఐదు అంది. ఆగస్టు ఐదు నుంచి ముప్పై ఒకటికి ఇరవై ఆరు. సెప్టెంబరు ముప్పైకి యాభై ఆరు. అక్టోబరు ముప్పై ఒకటికి ఎనభై ఏడు. లెక్క సరిపోయింది. లెక్కలో తప్పు ఉంటే మాట్లాడడానికి నాకేదైనా దొరికేది.

నా కూతురు నా ముఖం చూడలేదు, తెరనే చూసింది. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఓడరేవు పనికి వచ్చినవాడు కాబట్టి నా మాటలో ఆ జిల్లా ఛాయ ఉంది. నా కూతురు ఇక్కడే పుట్టి ఇక్కడి మాటే మాట్లాడుతుంది.

"ఏటిది నాన్నా? నువ్వేటి, లేటేటి?" అంది.

ఆ ప్రశ్నకు కారణం ఉంది. స్కూలు నుంచి ఐదు నిమిషాలు ఆలస్యమైతే గడియారం వైపు వేలు చూపించిన తండ్రిని నేను. కరెంటు బిల్లు వచ్చిన రోజే కట్టి, రసీదు మీద కట్టిన సమయం కూడా రాసుకునే మనిషిని.

"ఆ కార్డు నేను వాడలేదమ్మా," అన్నాను అధికారిణితో.

అది నిజం. ఆ నిజంలో సగం మాత్రమే చెప్పానని అప్పుడే తెలుసు.

ఆమె కలం మూత పెట్టి, గొంతు కొంచెం తగ్గించింది. "మీరు వాడలేదంటే సార్, మీకు తెలియకుండా ఎవరో వాడారని రాసివ్వొచ్చు. పోలీసు కంప్లయింటు కాపీ జతచేసి ఆ కార్డు బ్యాంకుకి పంపండి. వాళ్ళు ఒప్పుకుంటే ఆ మూడూ తీసేస్తారు. అప్పుడు నేను ఫైలు మళ్ళీ పైకి పంపగలను. జులై పదిహేను అంటున్నారు కాబట్టి తొందరపడాలి."

బయటికి వచ్చేసరికి పదకొండు ఇరవై ఐదు. ఆటో ఎక్కాక నా కూతురు రెండు మాటలే అడిగింది. "ఎవురికిచ్చినావ్?" అని మొదటిది. చెప్పాను. డిపో దాటాక, "ఆడేనా?" అంది. ఆ తరువాత తన బస్సు వచ్చింది.

కార్డు తీసుకున్నవాడు నా రిలీవరు.

నేను ఓడరేవులో లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తాగా ముప్పై నాలుగేళ్ళు పనిచేసి 2018లో దిగాను. అందులో చివరి ఇరవై రెండేళ్ళు ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు వరకు నాది, రెండు నుంచి రాత్రి పది వరకు అతనిది. మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. తరువాతి మనిషి వచ్చి ఛార్జి పుస్తకంలో సంతకం పెట్టేదాకా ముందు మనిషి కుర్చీ దిగకూడదు. 'ఇచ్చినవారు' అని ఒక గడి, 'తీసుకున్నవారు' అని ఒక గడి. రెండో గడిలో సంతకం పడిన క్షణం నుంచి బరువులో క్వింటాలు తేడా వచ్చినా, కాటా విరిగిపడినా, అది తీసుకున్నవాడి తలమీదే. ఇచ్చినవాడిని ఎవరూ అడగరు. ఇరవై రెండేళ్ళలో అతను ఒక్కరోజు కూడా రెండింటికి రాలేదు. ఒంటిగంట యాభైకి వచ్చేవాడు. వాళ్ళమ్మ పోయిన వారం తరువాత పనిలో చేరిన రోజు కూడా ఒంటిగంట యాభైకే వచ్చాడు.

ఉద్యోగం నుంచి దిగాక నేను అదే తీరులో గీతలు గీసి ఇంట్లో ఒక పుస్తకం పెట్టుకున్నాను. పేజీలకు నంబర్లు వేశాను. గ్యాసు బండ ఇచ్చింది, పక్కింటివారికి తాళం ఇచ్చింది, టైలరుకు బట్ట ఇచ్చింది, అన్నీ అందులో ఉంటాయి.

2023 జనవరి పద్దెనిమిది, బుధవారం, సాయంత్రం ఐదున్నరకు అతను మా ఇంటికి వచ్చాడు.

"బావా, నీ కార్డు ఓపాలి ఇత్తావేటి?"

"ఎందుకు?"

"ఫ్రిజ్జు సచ్చిపోయింది. నెలకింత అని కట్టుకుంతాను. నాకు కార్డివ్వరంట. పెన్సనోడివి, నీ మొకానికి కార్డేటి అన్నాడు ఆ బ్యాంకు కుర్రోడు. నాను మొకం కడుక్కునొత్తాను ఆగమన్నాను."

నా కార్డు ఉద్యోగంలో ఉన్నప్పుడు తీసుకున్నది. దిగాక నాలుగేళ్ళలో రెండుసార్లు వాడాను. కొనేటప్పుడు ఫోనుకు నంబరు వస్తుంది కాబట్టి, ఆ కార్డుకు నమోదైన నంబరున్న చిన్న ఫోను కూడా ఇవ్వవలసి వచ్చింది. ఆ ఫోనుతో నాకు వేరే పని లేదు. రెండూ బల్ల మీద పెట్టి పుస్తకం తెరిచాను.

"ఓలమ్మో, ఇంట్లో కూడా ఛార్జి బుక్కేటి బావా? అక్క సేత కూడా సంతకం ఎట్టించీవోడివేటి?"

నా భార్య అప్పటికి పోయి మూడేళ్ళు. ఆమె మాట అంత తేలికగా నా ముందు ఎత్తేది అతనొక్కడే. నాకు నవ్వు వచ్చిందని గుర్తుంది.

నలభై ఒకటో పేజీ, ఆరో వరుస. 'క్రెడిట్ కార్డు ఒకటి, ఫోను ఒకటి, ఛార్జరు ఒకటి. ఫ్రిజ్జు నలభై రెండు వేలు, పన్నెండు వాయిదాలు, ప్రతి నెల ఐదో తేదీ.' ఇచ్చినవారి గడిలో నేను, తీసుకున్నవారి గడిలో అతను. ఆ సంతకంతో ఆ కార్డు విషయంలో నేను కుర్చీ దిగిపోయాను. బ్యాంకువారి పుస్తకంలో 'తీసుకున్నవారు' అనే గడి ఉండదని నాకు తట్టలేదు. ముప్పై నాలుగేళ్ళు ఆ గడినే నమ్మి బతికినవాడికి తట్టవలసిన అవసరం కూడా రాలేదు.

2023 జులై ఇరవై ఎనిమిది, శుక్రవారం, ఉదయం అతను స్నానాల గదిలో పడిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. జులై ఇరవై తొమ్మిది నుంచి అక్టోబరు ముప్పై ఒకటి వరకు నేను పదకొండుసార్లు వెళ్ళి చూశాను, మొదట ఆసుపత్రికి, తరువాత గోపాలపట్నంలో వాళ్ళ ఇంటికి. పదకొండు తేదీలూ రాసి ఉన్నాయి. ఎదురుగా ఆ రోజు రక్తపోటు ఎంతో కూడా రాసి ఉంది. కార్డు సంగతి పదకొండుసార్లలో ఒకసారి కూడా గుర్తు రాలేదు. ఛార్జి ఇచ్చేసిన మనిషిని.

బ్యాంకుకు వెళ్ళిన మరునాడు, జూన్ పన్నెండు, బుధవారం, పుస్తకం సంచిలో పెట్టుకుని గోపాలపట్నం బయలుదేరాను. కోపంతో వెళ్ళానా అంటే చెప్పలేను. ఎలాగున్నదీ రాసుకోవాలని ఉదయం కూర్చున్నాను కానీ ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది.

తలుపు అతని భార్య తీసింది. మంచం మీద అతను దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. నన్ను చూశాడు, తరువాత గోడ గడియారం చూశాడు, పెదవి ఎడమ పక్క పైకి లేచింది. నేనూ చూశాను. ఒంటిగంట యాభై. అనుకుని వెళ్ళినది కాదు.

"రండన్నయ్యా. ఇప్పుడే గంజి తాగినాడు. కూకోండి."

కుర్చీలో కూర్చుని, "అమ్మా, ఫ్రిజ్జుకి వాడిన కార్డు ఒకటి ఉండాలి," అన్నాను.

ఆమె చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. "ఉందన్నయ్యా," అంది. నా వెనక ఉన్న అలమారా తీసింది. బట్టల కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు లాగింది. కార్డు, ఫోను, ఛార్జరు, ఒక రసీదు. ఆ ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ నేను కూర్చున్నది ఆ అలమారాకు వీపు ఆనించే.

"మరి నాకేటి తెలుసన్నయ్యా? ఈయన సొక్కాలోనే ఉండీది ఆ పోను. పడిపోయినరోజు సొక్కాతోటి కలిపి అలమార్లో కుక్కీసేను. నవంబర్లో రేషన్ కార్డు కోసం ఎతుకుతుంటే దొరికింది. కరెంటు పెడితే టంగుటంగుమని ఒకటే మోత. పక్కింటి పంతులమ్మ సదివింది. అరవై నాలుగు మెసేజీలంట. మొత్తం కట్టీసేను."

"ఎలా కట్టావు?"

ఆమె ఎడమ చేతి మీదికి కొంగు లాక్కుంది. అక్కడ గాజులు లేవు. రసీదు మీద 2023 నవంబరు తొమ్మిది, గురువారం, ఇరవై ఎనిమిది వేల ఏడు వందల నలభై రూపాయలు అని ఉంది. మిగిలిన వాయిదాలు, వడ్డీ, ఆలస్య రుసుము, అన్నీ కలిపి.

"నాకు ఒక మాట చెప్పవలసింది."

"సెప్తే మీరు కట్టేత్తారన్నయ్యా. అప్పుడీయన లెగిసినాక నన్ను సంపీడేటి? కార్డు కూడా ఈయన సేత్తోనే మీకిప్పిద్దామని దాసినాను." నా చేతిలోని రసీదు చూస్తూ అడిగింది. "ఏటన్నయ్యా, ఏటైనా తేడా వచ్చిందేటి?"

"లేదమ్మా. లెక్క సరిపోయింది," అన్నాను.

నాకు తెలిసి నేను నోటితో ఇచ్చిన తప్పుడు లెక్క అదొక్కటే.

సంచిలోంచి పుస్తకం తీశానో, దాని అంచు బయటికి వచ్చి కనిపించిందో గుర్తు లేదు. అతను దాన్ని చూశాడు. ఎడమ చెయ్యి దుప్పటి మీద రెండుసార్లు కొట్టాడు. గొంతులోంచి "బా" అన్న శబ్దం వచ్చింది.

"కలం అడగతన్నాడన్నయ్యా," అంది ఆమె.

కొత్త వరుస రాశాను. యాభై ఎనిమిదో పేజీ, రెండో వరుస. 'కార్డు ఒకటి, ఫోను ఒకటి, ఛార్జరు ఒకటి, తిరిగి వచ్చినవి.' ఆమె అతని ఎడమ చేతివేళ్ళ మధ్య కలం ఇరికించి పుస్తకం కింద పళ్ళెం ఆనించింది. ఇచ్చినవారి గడిలో ఒక వంకర గీత పడింది, కొసన కొంచెం పక్క గడిలోకి జారింది. తీసుకున్నవారి గడిలో నేను సంతకం చేశాను. సమయం రెండు గంటల ఇరవై నిమిషాలు అని వేశాను. అతను కళ్ళు మూసుకున్నాడు. షిఫ్టు దిగిన మనిషిలాగే కనిపించాడు.

జూన్ పదహారు, ఆదివారం, ఉదయం తొమ్మిదికి నా కూతురు మా ఇంటికి వచ్చింది. నా తరఫున ఒక కాగితం టైపు చేయించి తెచ్చింది. నా కార్డు నా అనుమతి లేకుండా, నాకు తెలియకుండా ఫలానా వ్యక్తి వాడుకున్నాడని, ఆలస్యానికి నేను బాధ్యుణ్ణి కానని అందులో ఉంది. పోలీసు స్టేషనులో ఇవ్వడానికి ఒక ప్రతి, బ్యాంకుకు ఒక ప్రతి. పెన్సిలుతో రెండు చోట్ల ఇంటూ గుర్తు పెట్టి ఉంది.

"ఇక్కడొకటి, ఇక్కడొకటి. ఎట్టీ నాన్నా. పోలీసులు మంచం మీదున్నోడినేటి సేత్తారు? ఏటీ సేయరు."

నలభై ఒకటో పేజీ తెరిచి ముందు పెట్టాను. చదివింది. యాభై ఎనిమిదో పేజీ తెరిచాను. ఆ వంకర గీత మీద వేలు పెట్టింది.

"ఈ బుక్కు నీకు తప్ప ఎవురికి తెలుసు?"

"అతనికి తెలుసు."

"ఆడికి మాటే రాదు నాన్నా." పుస్తకం నా వైపు జరిపింది. "బుక్కులో ఆ రెండు పేజీలూ సింపీ. పాప కోసం సింపీ."

"పేజీలకు నంబర్లు ఉన్నాయి," అన్నాను.

నా కూతురు నన్ను చూసింది. నవ్వింది కూడా. కానీ ఆ నవ్వు నేను ఎరిగినది కాదు.

"అయితే నంబర్లతోటే ఉండు. నీ ఫ్రెండు మీద పేమ అను, ఒప్పుకుంతాను. పాపమని అను, ఒప్పుకుంతాను. నంబర్లంతావేటి?"

ప్రేమ అని అనడానికి నా దగ్గర ఆధారం ఏమీ లేదు. పుస్తకంలో ఉన్నది రెండు వరుసలు. నేను ఇచ్చాను అని ఒకటి, తిరిగి తీసుకున్నాను అని ఒకటి. మధ్యలో నాకు తెలియకుండా జరిగింది అని రాయడానికి వరుస లేదు. ఆమె తెచ్చిన కాగితం మీద చాలాసేపు చెయ్యి ఉంచాను. ఫ్యాను గాలికి దాని మూల లేచి పడుతోంది. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు.

తొమ్మిది యాభైకి ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. ఇద్దరం టీ తాగలేదు.

ఆ మధ్యాహ్నం నేను వేరే ఉత్తరం రాశాను. కార్డు నేనే నా ఇష్టపూర్వకంగా ఒక స్నేహితుడికి ఇచ్చానని, అతను జబ్బుపడినందువల్ల మూడు నెలలు బిల్లు కట్టలేదని, సందేశాలు వచ్చే ఫోను కూడా నేనే ఇచ్చినందున నాకు తెలియలేదని, ఆలస్యం నాదేనని, మొత్తం సొమ్ము నవంబరు తొమ్మిదిన చెల్లించబడిందని. ఆసుపత్రి కాగితం నకలు, రసీదు నకలు జతచేశాను. జూన్ పదిహేడు, సోమవారం, పన్నెండు గంటలకు బ్యాంకు అధికారిణి చేతికి ఇచ్చాను. ఆమె రెండుసార్లు చదివింది.

"సార్, కార్డు వేరేవాళ్ళకి ఇవ్వడం కూడా తప్పేనండి. ఇది ఫైల్లో పెడితే మీకు ఇంకా ఇబ్బంది."

"తేదీలన్నీ సరిగా ఉన్నాయా?"

"తేదీలు సరిగానే ఉన్నాయి సార్."

"అయితే పెట్టండి."

జూన్ ఇరవై ఏడు, గురువారం, జవాబు వచ్చింది. సహ దరఖాస్తుదారుగా నా పేరు స్వీకరించలేదు. నా కూతురికి పంతొమ్మిది లక్షలే మంజూరయ్యాయి. మిగిలిన తొమ్మిది లక్షలకు ఆమె తన కంపెనీలో అడిగింది, ఇద్దరు స్నేహితులను అడిగింది. నా దగ్గర ఉన్న డిపాజిట్లు రెండు లక్షల పదివేలు. జులై పదిహేను, సోమవారం గడిచింది. ఫ్లాటు యజమాని లక్షన్నర తిరిగి ఇచ్చి కాగితం మీద సంతకం తీసుకున్నాడు. ఆగస్టు ఇరవై ఐదు, ఆదివారం, వాన పడుతుండగా ఆమె సామాను గాజువాకలోనే ఇంకో అద్దెవాటాలోకి మారింది. మునుపటి కంటే ఒక గది తక్కువ. అద్దె వెయ్యి ఎక్కువ. సామాను ఎక్కించే లారీ దగ్గర నిలబడి నేను అట్టపెట్టెలు లెక్కపెట్టాను. ఇరవై మూడు. మనవరాలు వచ్చి, "తాతా, నా సైకిలు కూడా రాసినావా?" అని అడిగింది. రాశానని చెప్పాను.

నా కూతురు జూన్ పదహారు తరువాత పంతొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. ఇరవయ్యో రోజు ఫోను చేసి బీపీ మాత్రలు ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. ఎన్ని అని అడిగింది. చెప్పాను. ఆ రోజు నుంచి ఆదివారాలు వస్తోంది. కార్డు మాట ఎత్తదు. డిపాజిట్టు తీసి యాభై వేలు ఆమె ఖాతాలో వేశాను. వెనక్కి పంపింది. మళ్ళీ వేశాను. రెండోసారి ఉంచుకుంది.

కార్డును కత్తెరతో నాలుగు ముక్కలు చేసి ఆ ఖాతా రద్దు చేయించాను. ఇప్పుడు మంగళవారాలు, గురువారాలు గోపాలపట్నం వెళుతున్నాను. ఒంటిగంట యాభైకి చేరతాను. అతని భార్య రెండు గంటల నుంచి నాలుగు గంటల వరకు కుట్టుపనికి వెళ్ళి వస్తుంది. పుస్తకం అతని దిండు పక్కన ఉంటుంది. వెళ్ళేముందు ఇచ్చినవారి గడిలో ఆమె సంతకం పెడుతుంది, తీసుకున్నవారి గడిలో నేను పెడతాను. అతను రెండు గడుల్లోనూ సంతకాలు పడ్డాయో లేదో చూసుకుని కళ్ళు మూసుకుంటాడు.

కింద మొత్తం వేస్తున్నాను. గడులు ముప్పై ఆరు. సున్నాలు ముప్పై మూడు. ఆలస్యాలు మూడు: ఇరవై ఆరు, యాభై ఆరు, ఎనభై ఏడు. వాటిలో తీసివేయబడినవి లేవు. బ్యాంకుకు చెల్లించబడింది ఇరవై ఎనిమిది వేల ఏడు వందల నలభై, అతని భార్య రెండు బంగారు గాజుల మీద. బయానాలో పోయింది యాభై వేలు. రాని ఇల్లు ఒకటి.